అక్క ఇచ్చిన కిడ్నీ, నేను పట్టిన నక్తం

గద్వాలలో మా వీధి ఆడవాళ్ల భజన మండలిలో పదహారేళ్లుగా పారాయణం చదువుతున్నది నేనే. చదివేటప్పుడు ఎక్కడైనా తప్పుపోతే ఆగి, స్వామికి దండం పెట్టుకొని, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ చదువుతాను. ఇప్పుడు నేను చెప్పబోయే తప్పు పుస్తకంలో జరిగింది కాదు, నా ఒంట్లో జరిగింది. దాన్ని మొదటినుంచి మళ్లీ చదవడానికి వీల్లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే నా చేతిలో ఉంది. దీక్షల్లో, పారాయణాల్లో కూర్చునేవాళ్లలో ఇంకొకరి అవయవంతో బతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది వాళ్లకోసం రాస్తున్నాను.

మూడేళ్ల కిందటి వైశాఖం

మాది మగ్గం ఇల్లు. నా భర్త నర్సిములు చీరలు నేస్తాడు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెంటినీ కలిపి నేసేచోట మగ్గం మీద రెండో మనిషి కావాలి, ఆ రెండో మనిషిని నేను. ఆ వైశాఖంలో పొద్దంతా కూర్చొని లేస్తే పాదాలు ఉబ్బి ఉండేవి. కూర్చున్నందుకే అనుకున్నాను. తర్వాత అన్నం వాసన పడకుండా పోయింది. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టు ఉండేది.

తినలేక పూటలు మానేస్తుంటే మండలిలో ఆడవాళ్లు, "ఎంత నిష్ఠనే తల్లి! ఏకాదశి గాకున్న గూడ ఉపాసముంటది" అనేవారు. కాదు, నాకు ఒంట్లో బాగాలేదు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఆ మెప్పు నాకు తియ్యగా ఉండింది. ఇప్పుడు వెనక్కి చూస్తే నా రోగానికి తోడు అక్కడే దొరికిందనిపిస్తుంది.

ఒకరోజు ఇంటి మెట్లు నాలుగు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. పరీక్షలు చేసి, ఏళ్ల తరబడి బీపీ ఉండి తెలియక రెండు కిడ్నీలూ పోయాయన్నారు. నర్సిములు డాక్టరుతో, "గట్లెట్ల పోతయి సార్? మొన్నటిదాంక మగ్గం మీద కూసున్నది" అన్నాడు. ఆయన ఆ మాట మూడుసార్లు అన్నాడు, ప్రతిసారీ కొత్తగా అడిగినట్టే.

వారానికి రెండుసార్లు డయాలసిస్. మాకు వనపర్తిలో మంచం దొరికింది. పొద్దున మొదటి బస్సుకు పోవడం, తూకం వేసుకోవడం, పేరు పిలిచేదాకా గోడకు ఆనుకొని కూర్చోవడం. ఆ గదిలో టీవీ ఉండేది కానీ గొంతు ఉండేది కాదు. నాకు అన్నిటికన్నా కష్టం దాహం. రోజుకు ఇన్ని నీళ్లని కొలత పెట్టారు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే ఒక ముసలాయన, కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి దిగిపోయినవాడు, చిన్న ఫ్లాస్కులో మంచు ముక్కలు తెచ్చేవాడు. కూర్చున్న అందరికీ తలా ఒక్క ముక్క పంచేవాడు. "మింగకుర్రి. నాలుక మీద బెట్టుకొని మాట్లాడకుర్రి. మాట్లాడితె జల్ది కరుగుతది" అనేవాడు. నేను ఎన్నో గుళ్లలో తీర్థం పుచ్చుకున్నాను, ఆ ముక్కంత చల్లగా ఏదీ దిగలేదు. భాద్రపదంలో ఒకనాడు ఆయన మంచం మీద వేరేవాళ్లు ఉన్నారు. నర్సును అడిగితే నా చెయ్యి పట్టుకొని సూది సరిచేసింది.

ఆశ్వయుజం

నర్సిములు కిడ్నీ ఇస్తానన్నాడు. హైదరాబాదులో పెద్ద దవాఖానకు పోయాం. ఇద్దరి రక్తం గ్రూపు ఒక్కటే కావడంతో మేం సంతోషపడ్డాం. వారం తర్వాత పిలిచి, డాక్టరమ్మ కుదరదని చెప్పింది. ఆయన రక్తకణాలను నా రక్తంలోని నీటితో కలిపి చూస్తే, నాది ఆయన కణాలను చంపేసిందట.

"మీకు కాన్పులెన్నమ్మా?" అని అడిగింది.

"మూడు. ఇద్దరు దక్కిన్రు."

"పిల్లలు కడుపులో ఉన్నప్పుడు వాళ్లలో సగం గుర్తులు తండ్రివి. మీ రక్తం అప్పుడే వాటిని పరాయివని పట్టుకుంది. వాటికి విరుగుడుగా యాంటీబాడీలు తయారుచేసింది. కాన్పులై ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. ఆయన కిడ్నీ పెడితే ఆపరేషన్ బల్లమీదనే పాడవుతుంది."

నర్సిములు, "ఇరవై ఏండ్లు నోటితోని తిట్టింది సాలలేదా మేడం, ఇప్పుడు రక్తంతోని గూడ తిడ్తుందా?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో మాత్రం ఆయన జడ్చర్ల దాటేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు. నేను ఆయన చేతి మీద చెయ్యి వేస్తే, "నన్ను నీ ఒళ్లు ఒద్దన్నదంటె ఎట్లనో ఉందే" అన్నాడు మెల్లగా.

మా అక్క సావిత్రమ్మది గట్టు అనే ఊరు. బావ పోయి ఎనిమిదేళ్లు. వాన మీద ఆధారపడ్డ చేను ఒక్కతే చేసుకుంటుంది, కందులు వేస్తుంది. గుడికి రాదు. "నాకు దేవునితోని లొల్లి లేదే, చేనుల పని ఉంది" అంటుంది. ఆమెకు ఎవరు చెప్పారో, ఒకరోజు సంచితో దిగింది.

"రెండున్నయి గద, ఒకటి దీసుకో. గట్టు నీళ్లు దాగి బతికిన కిడ్నీ, జర గట్టిగనే ఉంటది" అంది.

నేను ఏడ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాను. "అక్కా, స్వామి నీ రూపంల వచ్చిండు" అన్నాను.

"అట్లయితె స్వామినే గోయమనరాదే, నన్నెందుకు గోస్తరు?" అని కాళ్లు వెనక్కి లాక్కుంది.

పరీక్షల్లో సగం గుర్తులు కలిశాయి. నా రక్తం అక్కను చంపలేదు.

మాఘం

ఆపరేషన్ తర్వాత స్పృహ వచ్చాక పక్క వార్డు నుంచి అక్క పంపిన మొదటి మాట, "మూత్రం బోసిందా?" అని. పోశాను. ఏడాదిగా ఎరగనంత. మూత్రం సంచి నిండుతుంటే నర్సిములు దాన్ని చూస్తూ నిలబడి దండం పెట్టాడు.

కొత్త కిడ్నీని వెనక పెట్టరు, కడుపు కింద కుడిపక్కన పెడతారు. చెయ్యి పెడితే గట్టిగా తగులుతుంది. జపం చేసేటప్పుడు నా ఎడమచెయ్యి దానంతట అదే అక్కడికి పోయేది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ఒకటే మాట పదిసార్లు చెప్పింది. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్రలు. బతికినన్నాళ్లు. గంట కూడా అటూ ఇటూ కావద్దు. అవి మీ రోగనిరోధక శక్తిని అణిచిపెట్టే మాత్రలు, అవి లేకపోతే మీ ఒళ్లు ఈ కిడ్నీని పరాయిదని గుర్తుపడుతుంది.

ఎనిమిది కాగానే నర్సిములు మగ్గం గుంతలోంచే కేకేసేవాడు: "ఏసుకున్నవా?" నేను, "ఏసుకున్న." ఎనిమిది నెలలు అది నిజం.

కార్తీకం

ఏ వ్రతమూ నాకు కార్తీకం అంతటిది కాదు. రోజుకో అధ్యాయం పారాయణం, సాయంత్రం దీపాలు. నిష్ఠగా ఉండేవాళ్లు నెలంతా నక్తం పడతారు. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, ఆకాశంలో చుక్క కనబడ్డాకే నోట్లో ఏదైనా వేసుకోవడం. నాకు ప్రాణం పోసినందుకు ఆ ఏడు నక్తం పడతానని మనసులో మొక్కుకున్నాను.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మండలిలో అందరికన్నా పెద్దది రాజవ్వ, డెబ్భై దాటిన మనిషి. ఆమే, "నువ్వు మందులేసుకో బిడ్డ, మందుకు దోషం లేదు" అంది. ఆ మాట నాకు తెలియంది కాదు. జ్వరం వచ్చినవాళ్లకు, బాలింతలకు, ముసలివాళ్లకు ఉపవాసం లేదని పదహారేళ్లుగా అరుగు మీద కూర్చొని నేనే అందరికీ చెప్పాను. నా వంతు వచ్చేసరికి, ఆ సడలింపు బలహీనులకు అనుకున్నాను. స్వామి బతికించిన మనిషిని, నాకు సడలింపేమిటి అనుకున్నాను.

పొద్దుటి మాత్రలు కొంగున ముడి వేసుకునేదాన్ని. చుక్క కనబడ్డాక పొద్దుటివీ రాత్రివీ కలిపి మింగేదాన్ని. రెండూ కడుపులో పడ్డాయి కదా, లెక్క సరిపోయిందనుకున్నాను. రెండూ కలిపి వేసుకున్న రోజు చేతులు వణికేవి, హారతి పళ్లెం గలగలలాడేది. భక్తితో వణుకుతుందని చూసినవాళ్లు కళ్లకద్దుకున్నారు. కడుపులో తిప్పిన రోజుల్లో ఒక్కపూటవే మింగి ఊరుకున్నాను.

"ఏసుకున్నవా?" అని పొద్దున ఎనిమిదింటికి ఆయన కేక.

"ఏసుకున్న."

తడి బట్టలతో, చేతిలో దీపం పట్టుకొని ఆ అబద్ధం చెప్పాను. నెలంతా.

ఇంకొకటి. నేను చిక్కిపోతున్నానని రాజవ్వ ప్రేమతో రోజూ కషాయం తెచ్చేది. తిప్పతీగ, తులసి, మిరియాలు. కరోనా రోజుల్లో మా వీధంతా అదే తాగింది. "రోగాలను ఆపే శక్తి బెరుగుతది, తాగు" అనేది. నా మాత్రలు ఆ శక్తిని తగ్గించడానికేనని నాకు తెలుసు. తెలిసీ తాగాను. డాక్టర్లు తగ్గిస్తారు, స్వామి పెంచుతాడు, ఏది ఎంత ఉండాలో ఆయనే చూసుకుంటాడు అనుకున్నాను. దాన్ని విశ్వాసం అనుకున్నాను.

నెలాఖరుకు మళ్లీ పాదాలు ఉబ్బాయి. కుడిపక్క చెయ్యి పెడితే నొప్పి. మూత్రం తగ్గింది. నాకు అర్థమైంది. నిజం చెప్తున్నాను, ఆ రోజే అర్థమైంది. కానీ ఉద్యాపనకు నాలుగు రోజులుంది. చివరి అధ్యాయం ఇంకొకరి చేత చదివించడానికి మనసు రాలేదు. నాలుగు రోజులు ఆగాను.

మార్గశిరం

దవాఖానలో డాక్టరమ్మ కాగితాలు చూసి, "మాత్ర తప్పిందా?" అంది.

నర్సిములు ముందుకు వచ్చాడు. "తప్పలేదు మేడం. దినాం నేనే అడుగుత. ఒక్క దినం గూడ తప్పలేదు."

ఆయన అంత ధైర్యంగా నా తరఫున మాట్లాడుతుంటే ఇంక దాచలేకపోయాను. అప్పుడు చెప్పాను. నక్తం, కొంగు ముడి, కషాయం, నాలుగు రోజులు, అన్నీ. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నర్సిములు బయటికి పోయి మెట్లమీద కూర్చున్నాడు. ఆ రోజు, మర్నాడు ఆయన లోపలికి రాలేదు. పూటపూటకు ఇడ్లీ పొట్లం మాత్రం ఎవరో ఒకరి చేత లోపలికి పంపేవాడు.

కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూశారు. నా ఒళ్లు అక్కను గుర్తుపట్టింది. అదెట్లా జరుగుతుందో నాకు తెలియాలని అడిగాను. డాక్టరమ్మ కోపంగానే ఉంది, అయినా ఓపికగా చెప్పింది. నాకు అర్థమైనంతలో రాస్తాను.

పుట్టుకతో వచ్చే కాపలా ఒకటి ఉంటుందట, అది ఎవరొచ్చినా ఒకేలా అడ్డుకుంటుంది. దానిపైన, బతుకుతూ నేర్చుకునే కాపలా ఇంకొకటి. అందులో ఉన్నది ఒకే రకం కణాలు కాదు. పరాయిదాన్ని దగ్గరికిపోయి ముట్టి చంపేవి కొన్ని. ఉన్నచోటి నుంచే యాంటీబాడీలను రక్తంలోకి వదిలేవి కొన్ని. ఈ రెండింటినీ లేపేవి మూడో రకం. పరాయి గుర్తును ముందు ఆ మూడో రకానికి చూపించాలి. అవి ఊ అంటేనే మిగతావి పూర్తి బలంతో కదులుతాయి. నా మాత్రలు నిద్రపుచ్చేది ముఖ్యంగా వాటినే.

నాకు మా భజన కళ్లముందు కనబడింది. పాట ఎత్తే మనిషి ఒకరు ఉంటారు. ఆమె నోరు విప్పేదాకా తాళాలు ఒళ్లోనే ఉంటాయి, మద్దెల మీద చెయ్యి ఊరికే ఉంటుంది. ఆమె ఎత్తుకుంటే అన్నీ ఒక్కసారి అందుకుంటాయి, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. నా ఒంట్లో పాట ఎత్తే ఆ ఒక్కదాన్ని నిద్రపుచ్చమని మాత్ర ఇస్తే, నేను నెలరోజులు పగలంతా దాన్ని మేలుకోనిచ్చాను.

"కషాయం వల్లనా మేడం?" అని అడిగాను.

"ఎంత దానివల్లో నేను చెప్పలేను. తాగకూడదు, అంతే. అసలు తప్పు మాత్రలు వేళకు వేసుకోకపోవడం. మీరు అణచాల్సినదాన్ని ఒకపక్క వదిలేశారు, ఇంకోపక్క లేపాలని చూశారు."

"ఇప్పుడు మళ్ల నిద్రపుచ్చొచ్చా?"

"ప్రయత్నిస్తాం. కానీ ఒకసారి గుర్తుపట్టాక కొన్ని కణాలు ఆ గుర్తును దాచుకొని ఉండిపోతాయి. అవి తొందరగా చావవు. మర్చిపోవు."

మూడు రోజులు సూదిమందులు ఎక్కించారు. తర్వాత మెడ పక్క గొట్టం పెట్టి, రక్తంలోని నీటిని యంత్రంతో తీసి యాంటీబాడీలను వడగట్టడం మొదలుపెట్టారు. ఐదుసార్లు. యంత్రం తిరిగేటప్పుడు లోపల ఎముకల్లో చలి పుట్టేది. ఊడ్చే ఆమె ఒకతె, నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే దగ్గరికొచ్చి, "ఏడ్వకమ్మా, గొట్టం కదుల్తది" అని తన కొంగుతో నా ముక్కు తుడిచింది. ఓదార్చడం అంటే అదని అప్పుడు తెలిసింది. మండలి తరఫున నేను ఎన్ని దవాఖానల్లో ఎంతమంది రోగులకు ఎన్ని మంచి మాటలు చెప్పి వచ్చానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఎవరి ముక్కూ నేను తుడవలేదు.

అక్కడ పడుకొని జపం చేయబోయాను. చిన్నప్పటినుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే, స్మరణ. మరువకుండా ఉండడమే భక్తి, మరపే పాపం. రోజుకు ఇన్నివేల నామాలు, మరువకుండా. ఆ మంచం మీద మొదటిసారి నేను అడిగింది మరపు. స్వామీ, నా రక్తానికి మరపు ఇవ్వు. మా అక్క పరాయిది కాదని చెప్పడం నావల్ల కాలేదు, నువ్వు చెప్పు. అది ఏ పుస్తకంలోనూ లేని ప్రార్థన. అయినా ఆయన విన్నాడనే నమ్ముతున్నాను. విని ఏం చేశాడో నాకు పూర్తిగా తెలియదు.

నేను నిజం చెప్పిన మూడో రోజు నర్సిములు లోపలికి వచ్చి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "నన్ను మోసం జేస్తివి, సరే. అక్కకేం జెప్తవ్?" అన్నాడు. అక్కకు అప్పటికి జ్వరం అని మాత్రమే చెప్పాం.

ఇప్పుడు

కిడ్నీ పూర్తిగా పోలేదు. సగం కన్నా తక్కువ పనిచేస్తోంది. ఎన్నాళ్లని అడిగితే, ఏళ్లు కావచ్చు, నెలలు కావచ్చు అంటారు. నెలకోసారి రక్తం ఇచ్చి, అంకె చెప్పేదాకా వరండాలో కూర్చుంటాను. ఆ గంట నాకు ఏ నామమూ నోటికి రాదు.

మండలిలో జరిగింది జరిగినట్టు చెప్పాను. రాజవ్వ నెత్తి కొట్టుకొని, "నా చేతులతోని బోస్తి గదనే" అని ఏడ్చింది. ఆమె తప్పు లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. పారాయణం ఇప్పుడు ఇంకొకామె చదువుతుంది. నేను గోడ పక్కన కూర్చొని వింటాను. నా విశ్వాసం పోయిందా అని కొందరు అడిగారు. పోలేదు. కానీ ఆయన పేరు చెప్పి నేను నా గొప్ప కోసం ఏం చేశానో తెలిసింది. ఆ తెలివి బరువుగా ఉంది. చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ మాత్ర వేళను ఏ వ్రతం కోసమూ జరపకండి. ఎంత పవిత్రమైన చేతులిచ్చినా డాక్టరును అడగనిది తాగకండి.

అక్క సంగతి ఒకటి మిగిలింది.

దవాఖాన నుంచి వచ్చాక నాలుగు వారాలకు, ఆమె కిడ్నీ ఇచ్చి ఏడాది నిండిన మాఘంలో, గట్టు పోయాను. వాకిట్లో కందులు చెరుగుతోంది. నన్ను చూసి, "ఏమే, జొరం దగ్గిందా?" అంది. నిలబడే చెప్పాను. చేట ఆగిపోయింది.

"గంట గొట్టినట్టు మింగుమన్నరు గద."

"అవును."

"నాకు గోసిన కాడ చలికి ఇప్పటికీ గుంజుతది. మూట లేపలేను. ఎవరికన్న జెప్పిన్నా?"

"లేదక్కా."

"నీకిచ్చిన నేను. నువ్వు దాన్ని దీస్కపోయి దేవునికి వెట్టినవ్." చేట కింద పెట్టింది. "ఆయన అడిగిండా?"

పదహారేళ్లు చదివినదాన్ని. ఎవరు ఏ సందేహం అడిగినా ఏదో ఒక అధ్యాయం నోటికి వచ్చేది. అక్క ముందు మాత్రం వంగి, నేలమీద రాలిన కందులు ఏరాను.

సాయంత్రం ఆమె పొయ్యి ముట్టించింది. వండింది, నా ముందు పళ్లెం పెట్టింది, అటు తిరిగి పడుకుంది. పొద్దున లేచేసరికి ఇంట్లో లేదు. చేనుకు పోయి ఉంటుందనుకొని సంచి సర్దుకుంటున్నాను. ఎనిమిది కాకముందే మట్టి కాళ్లతో లోపలికి వచ్చింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. నేను మాత్రలు నోట్లో వేసుకొని నీళ్లు తాగాను.

"నోరు తెరు" అంది.

తెరిచాను. గడ్డం పట్టుకొని వెలుతురుకు తిప్పి చూసింది. నాలుక లేపమంది. లేపాను. అక్కడా చూసింది. తర్వాత గడ్డం వదిలి, చెంబు తీసుకుంది.

"ఇది బోతె మళ్ల నా దిక్కు జూడకు చెల్లె," అంది. "నా తాన గూడ ఒక్కటే ఉంది."